అప్పీలు గడువు తీరినాక

ఆదోని కోర్టులో మాల్‌ఖానా తాళాలు నా కాడుంటాయి.
పదహారేళ్లుగా ఆ గదిలో
తుప్పుకీ ఎలుకలకీ ఎండిన నెత్తురుకీ
నేనే కాపలా, నేనే గుమస్తా.

సెషన్స్ కేసు, నంబరు వద్దులే.
తీర్పు ముప్పై నాలుగు పేజీలు.
ముద్దాయిలు పదకొండు మందినీ విడుదల చేసినాక
ఆఖరి పేరాలో నా కోసం ఒక వాక్యం:
'ఒకటి నుంచి ఐదు వరకు వస్తువులు విలువ లేనివి గనుక
అప్పీలు గడువు తీరిన పిమ్మట ధ్వంసం చేయవలెను.'

విలువ లేనివి మూట విప్పి చూసినా.
ఒకటి, వేటకొడవలి. పిడి లేదు.
రెండు, చారల చొక్కా. ఎలుకలు కాలరు తిన్నాయి,
మరకను మాత్రం ముట్టలేదు.
మూడు, ఎడమకాలి చెప్పు. టైరు ముక్కతో అట్ట వేసింది.
నాలుగు, పోలింగు ఏజెంటు పాసు. ఫోటోలో ఉరుకుందు
కెమెరా వైపు కాదు, పక్కన ఎవరినో చూస్తున్నాడు.
ఐదు, నాటుబాంబుకు చుట్టిన పురికొస.
జానెడు.

కళ్లారా చూసినోళ్లు తొమ్మిది మంది.
తొమ్మిది మందీ బోనెక్కి చెప్పింది ఒకటే:
ఆ పొద్దు మేము ఊర్లో లేము సామీ,
కౌతాళంలో పెళ్లికి పోయినాం.
పెళ్లికొడుకు పేరు ఒక్కరికీ గుర్తు లేదు.
గుత్తొంకాయ బాగుందన్నాడు ఏడో సాక్షి.
స్టెనో అది కూడా టైపు చేసింది.

క్యాంటీన్ టీవీలో వార్తలు.
ఎక్కడో చలిదేశంలో పెద్ద కోర్టంట,
ఒక దేశాన్ని ఏలేటోడికే వారంటు తీసిందంట.
వాడు ఆ వారమే ఇంకో దేశంలో దిగితే
ఎర్ర తివాచీ పరిచి, పిల్లోళ్ల చేత పూలిప్పించినారంట.
కోర్టు కానిస్టేబులు మద్దిలేటి టీ గ్లాసు పక్కన పెట్టి అడిగినాడు:
'దాన్ని మోసేటోడెవడక్కా, పాపం?
వానికి బస్సు చార్జీలన్నా ఇచ్చినారా?'

నవ్వినాం. నవ్వి ఊరకైనాం.
మొదటి ముద్దాయి పేరు మీద మద్దిలేటి
పన్నెండు వారంట్లు మోసినాడు.
పన్నెండుసార్లూ వెనక రాసుకొచ్చినాడు:
ఇంటికి తాళం. మనిషి జాడ లేదు.
జాడ లేని ఆ మనిషే ఆగస్టు పదిహేనుకు
మున్సిపల్ స్కూల్లో జెండా తాడు లాగినాడు.
మద్దిలేటి బిడ్డ చాక్లెట్ తెచ్చుకుంది.
పారేయమని చెప్పడానికి
ఆయప్పకు నోరు రాలేదు.

తిక్కమ్మ వాయిదా వాయిదాకూ వచ్చేది.
తీర్పు రోజు ఏడవలేదు. తిట్టలేదు. మన్ను ఎత్తిపోయలేదు.
గడువు తీరిన మర్నాడు నా కిటికీ కమ్మీలు పట్టుకుంది:
'ఆ చెప్పు ఇయ్యి మేడమ్మా.
కుడికాలిది మా గడప కాడే ఉంది.
పోలీసోళ్లు రోడ్డు మీదిదే రాసుకున్నారు.
ఒంటి చెప్పుతో ఇంటిదాకా ఉరికొచ్చినాడని
యాడా రాయలే.'

నిబంధన చెప్పినా.
విన్నది. కదల్లేదు.

కోర్టు వెనక తుమ్మచెట్టు పక్కన గుంత తీయించి
కిరసనాయిలు పోసినా.
చొక్కా మండింది. పురికొస మండింది.
ఉరుకుందు పక్కచూపు కాసేపు ముడుచుకొని
నల్లబడింది.
కొడవలి కాలదు, సమ్మెటతో కొట్టించినా.
రిజిస్టరులో రాసినా:
ఐదు వస్తువులూ ధ్వంసం చేయడమైనది.
సంతకం. తేదీ. ముద్ర.

పదహారేళ్లలో నేను రాసిన మొదటి అబద్ధం.
ఈ కేసులో రుజువు చేయగల నేరం ఏదన్నా ఉంటే
అదొక్కటే.

తిక్కమ్మ కొంగులో చుట్టుకొని
కోసిగి బస్సు కోసం గేటు దాటుతోంది.
మద్దిలేటి అక్కడే నిలబడున్నాడు.
కొంగు కింద ఎత్తును చూసినాడు,
మెట్ల మీద నన్ను చూసినాడు.
టోపీ సర్దుకొని, ఎండలోకి తిరిగి
'నేనేం చూడలేదక్కా' అన్నాడు.
'నేనూ కౌతాళం పెళ్లికే పోయుంటి.'