బెట్ట(వానలు, హద్దు)

పొద్దున ఎనిమిదిన్నరకు
ముప్పై ఒక్క మండలాల వాన
నా ఫోన్లో పడుతుంది.
పడుతుందంటే, సున్నాలు పడతాయి.
పేరులో సముద్రమున్న బ్రహ్మసముద్రం: సున్నా.
కుందుర్పి: సున్నా.
శెట్టూరు: నాలుగు చినుకులు,
కొలపాత్ర అడుగు కూడా తడవలేదంటాడు గోవిందు నాయక్,
ఏం రాయమంటావక్కా?

తొమ్మిదిన్నరకల్లా రుద్రప్ప సారు టేబుల్ మీద
రిపోర్టు ఉండాల.
ఏ మండలంలో ఎన్ని దినాలుగా వాన లేదు,
ఎర్ర రంగు యాడ, పసుపు యాడ.

నాకు ముందు ఈ సీట్లో ఉన్నాయన
ఒక ఫార్ములా వదిలిపోయినాడు.
మూడు వరుసల పొడుగు.
ఇఫ్, దాని లోపల ఇఫ్, దాని కడుపులో ఇంకొక ఇఫ్.
ముట్టుకునేది లేదు. కాపీ కొట్టు, కింద పేస్ట్ చెయ్.
డాలర్ గుర్తు ఒక్కటి తప్పితే
గూటానికి కట్టని దూడ మాదిరి
గడి పక్క చేన్లోకి పోతుంది.
పోయిన ఆగస్టులో అట్లే
ఉరవకొండలో పడిన వానకు
విడపనకల్లు పచ్చబడింది, కాగితం మీద.
రెండు వారాలు ఎవరూ చూడలేదు.
నేనూ చూడలేదు.

ఒక ఆదివారం, కరెంటు ఉన్నంతసేపూ కూర్చొని
ఆ మూడు వరుసలూ విప్పినాను,
చిక్కుపడిన మోకు విప్పినట్లు.
విప్పితే ఇంతే:
ఈ దినం నుంచి వెనక్కి నడువు,
వాన కనపడేదాకా లెక్కబెట్టు, ఆగు.

దానికొక పేరు పెట్టొచ్చని తెలిసింది.
ఒకసారి పెడితే చాలు,
ఏ షీట్లో పిలిచినా పలుకుతుందని.
సారైతే డ్రై స్పెల్ అనమనేవాడు.
నేను ఇంగ్లీషు అక్షరాల్లోనే
బెట్ట అని కొట్టినాను.

సోమవారం ఒక్క గడిలో రాసి కిందికి లాగితే
ముప్పై ఒక్క బెట్టలు
వరుసగా లేచి నిలబడినాయి.
తొమ్మిది కూడా కాలేదు.
క్యాంటీన్లో కూర్చొని టీ తాగినాను.

బుధవారం కుందుర్పి నుంచి ఫోను.
మారెన్న అంట, నంబరు ఎవరిచ్చినారో.
"మేడమ్, మా కాడ బెట్ట తెగిందని రాసినారంట.
ఎవురి చేన్లో తెగింది?"
చూసినాను. రెండు పాయింట్ ఆరు మిల్లీమీటర్లు.
రెండున్నర దాటితే వాన. రూలు.
పద్దెనిమిది దినాలు ఒక్క దెబ్బకు సున్నా అయినాయి.
"దుమ్ము అణిగింది మేడమ్, అంతే.
చెనిక్కాయ ఊడలు దిగాల,
నేల నోరు తెరవలే.
మీ మిషన్‌కు ఎంత పడితే వాన?"

ఎంత పడితే వాన.

ఆ రెండున్నర నేను పుట్టించింది కాదు.
కానీ ఫార్ములా పొట్టలో కూర్చోబెట్టింది నేనే,
ఎవరికీ కనపడకుండా.
ఎర్రనేలకూ అదే, నల్లరేగడికీ అదే.

గొర్రు మీద జడ్డిగం గుర్తొచ్చింది.
బోలుగా ఉంటుంది కాబట్టే
జొన్న పోసినా కంది పోసినా సాలులోకి దిగుతుంది.
గింజను దాంట్లోనే అతికించి పెడతాడా వడ్లాయన?

ఆ రాత్రి రెండున్నరను బయటికి తీసినాను.
అది ఉన్న చోట ఒక ఖాళీ. దాని పేరు హద్దు.
ఇప్పుడు బెట్టను ఎవరు పిలిచినా
అది ముందు అడుగుతుంది,
ఎంత పడితే వాన, నువ్వు చెప్పు.

"రూలు రూలే తల్లీ" అన్నాడు రుద్రప్ప సారు.
రెండున్నరే వేసినాను.
కుందుర్పి తెల్లగానే ఉంది.
మారెన్నకు ఏం చెప్పాలో తెలియక
తిరిగి ఫోను చేయలేదు.

అయితే పక్కన ఇంకొక నిలువు పెట్టినాను,
ఎవరూ పెట్టమనలేదు.
అదే బెట్ట, హద్దు పది.
కుందుర్పి: ఇరవై. ఎర్రగా.

సారు ప్రింటు తీసేటప్పుడు
ఆ నిలువు పేజీలో పట్టదు.
స్క్రీన్ మీద మాత్రం
దినానికొకటి పెరుగుతాంది.