ఎడమ గడప

కారుకీ గడప ఉంటుంది.
తలుపు కింద, కాలు లోపల పెట్టేటప్పుడు
ఎవరూ చూడని పట్టీ.
నిజానికి బండి నడుము అదే.
అది పుచ్చితే, పైన ఎంత ఎర్రరంగు మెరిసినా
మలుపులో ఒళ్ళు రెండుగా ఆలోచిస్తుంది.

నా అల్ఫా అరవై ఏడు నాటిది.
బియెల్లాలో మందుల షాపాయన వాడి, విసిగి,
కోళ్ళ షెడ్డులో పద్దెనిమిదేళ్ళు పడుకోబెట్టాడు.
కొన్నప్పుడు వెనక సీట్లో గుడ్డు పెంకులున్నాయి.
ఉన్ని మిల్లు మూసేసినప్పుడు చేతిలో పెట్టిన డబ్బులో
సగం దీనికే పోశాను.
మా అక్క ఎర్మెలిండా నెలరోజులు మాట్లాడలేదు.
ఆ నెల చాలా పని జరిగింది.

రెండు కోరికలు నావి, ఒకదానికొకటి పడనివి.
సోమవారం రొట్టె తేవాలి,
ఆదివారం ట్రాక్ మీద ఎవడికీ దారివ్వకూడదు.
అందుకే వెనక సీటు పీకేశాను, హీటరు ఉంచాను.
ఇనుప పంజరం బిగించాను,
సంచి తగిలించే కొక్కెం దానికే వేయించాను.
స్ప్రింగులు పొట్టివి, మొండివి.
ఊళ్ళో స్పీడ్ బ్రేకర్ వస్తే
చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటినట్టు పోతాను.

కార్బురేటర్లు రెండు. కొలిచే గేజీలు దొరుకుతాయి, కొనలేదు.
రబ్బరు గొట్టం ఒక కొస దాని నోటి దగ్గర, ఒక కొస నా చెవిలో.
ముప్పై ఒక్క ఏళ్ళు మగ్గాల మధ్య తిరిగిన చెవి,
నూట ఇరవైలో ఏది దగ్గుతోందో చెప్పిన చెవి.
మర పావు తిప్పు. మళ్ళీ అరపావు వెనక్కి.
రెండూ ఒకే ఊపిరి తీసినప్పుడు
ఎందుకో నా ఊపిరి ఆగింది.

వెల్డింగుకి ఎవాసియో వచ్చాడు.
డెబ్బై నాలుగు. చేతులు వణుకుతాయి,
మంట అంటించాక వణకవు.
కుడి గడప ఫర్వాలేదన్నాడు. ఎడమదాన్ని సుత్తితో తట్టాడు.
ఇనుము పలకలేదు.
కోశాడు. లోపల్నుంచి
రేకు రాలేదు, కాగితం వచ్చింది.
ప్లాస్టరులో ముంచి కుక్కిన దినపత్రిక,
సైకిల్ పందెం ఫలితాలు, ఎవరిదో చావు ప్రకటన,
ఎనభై మూడు ఫిబ్రవరి.
పైన అతుకు, చేప పొలుసుల్లా, ఒక పక్కకి వాలి.

నేను తిట్లు లంకించుకున్నాను.
ఏ దొంగ, ఏ చేతకాని వెధవ, వాడి ఏడు తరాలు...
ఎవాసియో ముసుగు తీయలేదు.
చాలాసేపు ఆ అతుకు మీద బొటనవేలు రాస్తూ,
"నేను ఎడమచేతివాణ్ణి, డొరీనా," అన్నాడు.
"పొలుసు ఎటు వాలిందో చూడు.
అప్పుడిది తెల్లబండి.
రేకు డబ్బు తీసుకున్నాను. రేకు కొనలేదు."

అంతే. ఎందుకో చెప్పలేదు, అడగలేదు.
మిల్లులో మేమూ కొన్ని తానుల్ని
మంచివైపు పైకి మడిచి అమ్మినవాళ్ళమే.

మర్నాడు ఆరింటికే వచ్చాడు,
మిల్లీమీటరున్నర మందం రేకుతో, తన డబ్బుతో.
అంగుళం అతికి, చల్లారనిచ్చి, మళ్ళీ అంగుళం.
ఇక ఎప్పటికీ ఎవరూ చూడని లోపలి వైపు కూడా
అరగదీసి నునుపు చేశాడు.
"చివర ఒక్కచోట పొలుసు వదిలేస్తా," అన్నాడు.
వద్దనలేదు.

మే నెల. ట్రాక్ మీద మూడో మలుపు,
కుడికి తిరుగుతూ కిందికి కుంగేది.
నాలుగు నుంచి మూడుకి, మడమతో యాక్సిలరేటర్ని తట్టి, వదిలి.
బరువంతా ఎడమ గడప మీదికొచ్చింది.
చెవి రిక్కించాను, ఇంజను కోసం కాదు.
కిర్రుమనలేదు.
ఆ ఏమీ లేకపోవడాన్ని విన్నాను.

పదిహేడు మందిలో పదకొండు.
ఆదివారం తెరిచి ఉండే ఒకే ఒక దుకాణంలో
రొట్టె కొని కొక్కేనికి తగిలించాను.
కాలిన బ్రేకుల వాసన, రొట్టె వాసన.
ఎవాసియో ఇంటి ముందు ఇంజను ఆపకుండా హారన్ కొట్టాను.
కిటికీ తెరుచుకుంది. తల కనపడలేదు.
ఎడమ చెయ్యొకటి బయటికొచ్చి
ఆగమన్నట్టు గాల్లో నిలిచింది. వింటోంది.
"రెండోది దగ్గుతోంది," అంది లోపల్నుంచి గొంతు.
"రేపు తీసుకురా."