వెంగయ్య చొక్కా

చీర మీద మగోళ్ళ చొక్కా ఏసుకోకుండా
సైదాపురం పలుగు మిల్లులో నిలబడలేం.
నాది వెంగయ్య చొక్కా.
ఆయన పోయి మూడో ఏడు. టీబీ అన్నారు.
ఆరు నెలలు మాత్రలు మింగినాడు.
పాపం మాత్రలకేం తెలుసు,
ఇంకో రోగం కోసం పుట్టినామని.

ఆ కాలరుకే తగిలించినాడు ఖాజావలి
బొటనవేలంత గొట్టం. నడుముకు పెట్టె.
పెట్టెలో మోటారు,
పాలు తాగిన పిల్లి మాదిరి గురగుర.
"నువ్వు పీల్చే గాలినే ఇదీ పీలుస్తాదక్కా,
సాయంత్రం దాకా తీయబాక."
గొట్టం కొసన రూపాయి బిళ్ళంత తెల్ల కాయితం.
పొద్దున తూచినారంట, రేపు మళ్ళీ తూస్తారంట.
కాయితాన్ని తూచే తక్కెడ లోకంలో ఉండాదని
నాకప్పుడే తెలిసింది.

ఎంత దుమ్ముంటే తప్పు? అడిగినా.
చట్టంలో లెక్కుందని పుల్లతో నేల మీద గీసినాడు.
రాతిలో పలుగు నూటికెంతో చూడాల,
దానికి రెండు కలపాల,
వచ్చినదాంతో పదిని భాగించాల.
మా రాయి మంచి రాయి,
నూటికి తొంభై ఎనిమిది పలుగే.
అందుకే అంత దూరం నుంచి లారీలొస్తాయి.
తొంభై ఎనిమిది, రెండు, నూరు.
పదిని నూరు భాగాలు చేసినాడు.
"మిల్లీగ్రాములో పదో వంతక్కా,
నిలువు, అడ్డం, లోతు మీటరుండే గాలిలో."
నాకు తెలిసేటట్టు చెప్పరా అబ్బయ్యా అన్నా.
"మెత్తుప్పు రవ్వలు. ఒకటో, రెండో."

రాయి ఎంత మంచిదయితే హద్దు అంత చిన్నది.
రాసినోళ్ళు ఆ మాట మటుకు
న్యాయంగానే రాసినారు.

ఆ పొద్దున నీళ్ళ ట్యాంకరొచ్చింది.
పదకొండేళ్ళలో నేను చూసిన రెండో ట్యాంకరు.
రెండో నంబరు మిల్లు ఆపినారు. బెల్టు తెగిందన్నారు.
తెగిన బెల్టు నాకు యాడా కనపడలా.
మేస్త్రీ చెంగల్రెడ్డి ఎన్నడూ లేంది మెత్తగా
"కామాక్షమ్మా, పెట్టె బరువు గదా,
పోయి వేపచెట్టు కింద కూర్చో. కూలి కొయ్యంలే" అన్నాడు.

పోయినా.
అబద్ధం చెప్పను, పోయినా.
మూడు గంటలు.
గిన్నె మూత తీస్తే అన్నం అన్నం రంగులోనే ఉండాది.
చేపల పులుసు ఎర్రగా ఉండాది.
గొట్టం వేపగాలి తాగతా ఉంటే నేనూ తాగినా.
కునుకు గూడా తీసినా,
పిల్లి గురగుర చెవిలో పడతా ఉంటే.

నెలకి కాయితమొచ్చింది.
సున్నా చుక్క సున్నా ఏడు.
హద్దు లోపలే.
మేస్త్రీ ఆఫీసు గోడకి అంటించినాడు,
వెంకటేశ్వరసామి పటం పక్కన.
నాలుగు రోజులకి దాని మీద
చూపుడేలితో పేరు రాసేంత తెలుపు.

వెంగయ్య చొక్కా రాత్రి బకెట్లో నానేస్తా.
నీళ్ళు కదలకుండా పెడితే
తెల్లారేసరికి అడుగున పేరుకుంటాది,
మెత్తగా, ముగ్గుపిండి మాదిరి.
కాయితం తెచ్చిన రోజు ఖాజావలిని అడిగినా,
దీన్ని తూస్తారా అని.
నవ్వలేదు ఆ పిలగాడు.
బకెట్లోకి చానాసేపు చూసి
"చొక్కాకి హద్దు రాయలేదక్కా" అన్నాడు.
బండి స్టార్టు చేసి, మళ్ళీ ఆపి,
"దగ్గొస్తా ఉందా?" అన్నాడు.
వస్తా ఉందని చెప్పలా.
లేదని గూడా చెప్పలా.

వచ్చే బేస్తవారం మళ్ళీ వస్తారంట.
ఈ తూరి పెట్టె మీరాంబీకి.
చెప్పాల ఆ పిల్లకి,
వేపచెట్టు కిందికి రమ్మంటే పోబాక,
నీ కాడికొచ్చే గాలినే దానికి తాగించమని.
ఎట్ట చెప్పేది?
బిడ్డ పుట్టి మూడు నెలలు గూడా కాలా,
నడుం పట్టుకుని తట్ట మోస్తాది.
మూడు గంటల నీడ.
కోత లేని కూలి.
నేను పోయినదాన్నే గదా.