పదకొండున్నర

కోరియోలో మా శిశు కేంద్రం వంటగదికి ఒకే కిటికీ.
అందులోంచి నా మోకాలెత్తు బల్లలు కనిపిస్తాయి.
పదకొండున్నరకి ఇరవై ఆరు పళ్ళేలు.
గోడ మీద ఎలర్జీల చీటీ:
ఇద్దరికి గుడ్డు పడదు, ఒకరికి పాలు,
వేరుశెనక్కాయ ఈ గడప తొక్కకూడదు.

ఆ చీటీలో లేనివి నాకు నోటికొచ్చు.
మలకై ఆకుపచ్చగా ఉన్నదేదీ ముట్టడు.
ఫ్రేయాకి బఠాణీలు ఇష్టమే,
కానీ ఒకదానికొకటి తగలకూడదు.
జార్విస్ రొట్టె అంచులు జేబులో దాస్తాడు,
రాత్రికి అవి వాళ్ళ నాన్న వాషింగ్ మెషీన్లో నానతాయి.

ఆకలి రుచెరగదంటారు.
నాలుగేళ్ళ ఆకలికి రుచి ఒక్కటేమిటి,
రంగు తెలుసు, కరకర తెలుసు,
పక్క కుర్చీలో ఎవరున్నారో కూడా తెలుసు.

ఫిబ్రవరిలో మౌక్తిక వచ్చింది.
వాళ్ళమ్మ నా పేరు బిళ్ళ చదివి
తెలుగులోకి దిగిపోయింది, చెప్పులు విడిచినంత తేలిగ్గా.
"ఏమీ తినదండీ. పెరుగన్నం ఒక్కటే,
అదీ ఫోన్లో ఏనుగు ఆడుతుంటేనే.
ముద్ద బుగ్గన పెట్టుకుని అలాగే నిద్రపోతుంది."
మా దగ్గర ఏనుగు లేదండీ, అన్నాను.

మొదటి రోజు పళ్ళెం వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చింది.
రెండో రోజూ అంతే.
మూడో రోజు గుమ్మడి ముక్కని చెంచా కాడతో పొడిచింది,
బతికుందో లేదో చూసినట్టు.

మేం బతిమాలం. బిస్కెట్ ఆశ పెట్టం.
"ఒక్క ముద్ద, అమ్మ కోసం" అన్న మాట
నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేదాన్ని.
పెట్టడం నా వంతు, తినడం వాళ్ళ వంతు.
అనుకోవడం తేలికే,
బల్ల కింద ఊడ్చేటప్పుడే కష్టం.

పదకొండో రోజున బీట్‌రూట్ తురిమాను.
పక్కన కూర్చున్న ఎవా
రెండు చేతులతో తిని, పళ్ళన్నీ బయటపెట్టింది, ఎర్రగా.
మౌక్తిక ఆ నోటికేసి చూసింది.
ఇంట్లో ఏనుగుని ఇలాగే చూస్తుంది కాబోలు.
తర్వాత తన పళ్ళెంకేసి.
ఇంక నేను చూడలేదు.
సింకు వైపు తిరిగి గిన్నె తోమాను,
తోమిన గిన్నెనే.
వెనక్కి తిరిగేసరికి రెండు ఎర్ర నోళ్ళు,
ఒకదాన్ని చూసి ఒకటి ఒకటే నవ్వు.

సాయంత్రం వాళ్ళమ్మ నమ్మలేదు.
దెబ్బ తగిలిందేమోనని నోరు తెరిపించి చూసింది.
"ఇంట్లో పాప పక్కన ఎవరు కూర్చుంటారు?"
"ఆయనది గోడౌన్లో రాత్రి డ్యూటీ.
నేను దానికి తినిపించి,
పొయ్యి దగ్గరే నాలుగు మెతుకులు..."
ఆగింది. బ్యాగు జిప్పు వేసింది, తీసింది.
"అసలు నేను తినడం అది చూసుండదండీ."

ఏం చెప్పను.
నేనూ ఇరవై ఆరు పళ్ళేలు పంపి
గిన్నె అంచు మీదకి వంగి, నిలబడే.

మొన్న శుక్రవారం సెలరీ కోస్తున్నాను.
కిటికీ అవతల పకపకలు.
మలకై ముక్కు విరిచి,
పై పెదవి ఎగేసి, మెడ వెనక్కి లాగి,
ఏదో కుళ్ళింది పట్టుకున్నట్టు రెండు వేళ్ళు దూరంగా పెట్టి చూపించాడు.
పిల్లలందరికీ తెలిసిన బొమ్మ అది.
"ఎవర్రా అది?" అన్నాను.
"నువ్వే," అన్నాడు.

కిటికీకి రెండు వైపులుంటాయని
ఏడేళ్ళుగా నాకు తట్టలేదు.

ఏప్రన్ చేతులు తుడుచుకుని బయటికొచ్చాను.
ఆ బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.
ఎవా కొంచెం జరిగింది. మౌక్తిక తన చెంచా ఇచ్చింది.
ఒక సెలరీ కాడ తీసి కొరికాను.
ఇప్పటికీ తడి గడ్డిలాగే ఉంది.
నమిలాను,
మలకై నా ముక్కు మీంచి చూపు తిప్పలేదు.