పలకల షెడ్డు

కంభం రోడ్డులో కాశింపీరా కొట్టు ముందు
కాటా మీద కూర్చోబెట్టారు దాన్ని.
పదకొండున్నర కిలోలు తూగింది
మా మార్కాపురంలో కాలేజీకి వచ్చిన మొట్టమొదటి కంప్యూటరు.
"రేకుది రేకు రేటు, రాగిది రాగి రేటు,
గాజుబుడ్డికి మాత్రం నాకే ఎదురియ్యాల" అన్నాడు పీరా.
సుత్తి చేతిలోనే ఉంది.
అడ్డం పడేంత వీరుణ్ణి కాదు నేను.
సుత్తికీ గాజుకీ నడుమ
వంద నోట్లు నాలుగు పెట్టాను, అంతే.

మంచం కింద చోటు మూడింటితో అయిపోయింది.
నాలుగోది వచ్చిన రాత్రి మా ఆవిడ
అన్నం పెట్టి, కూర పెట్టకుండా
"ఆ డబ్బాల్నే నంజుకో" అంది.
అప్పుడు రాశాను అట్టముక్క మీద,
బస్టాండు టీకొట్టు స్తంభానికి కట్టాను:
పాత కంప్యూటర్లు పగలగొట్టొద్దు. మాకు చెప్పండి.
మాకు అని రాశానుగానీ
అప్పటికి ఉన్నది నేనొక్కణ్ణే.

మొదట వచ్చినవాడు తర్లుపాడు ఏసుపాదం.
టీవీలు బాగుచేసిన చేతులు, ఇప్పుడు పనిలేక
గోళ్ళు పెరిగిన చేతులు.
తర్వాత సొసైటీ గుమాస్తాగా రిటైరైన సుగుణకుమారి.
అన్నీ మరిచిపోయానంది,
కీబోర్డు ముందు కూర్చోగానే
వేళ్ళకి గుర్తొచ్చాయి.
ఇంటరు తప్పిన బాషా. "మౌసేదన్నా దీనికి?"
"అప్పటికింకా పుట్టలా."
అందరికంటే వెనక, దగ్గుకుంటూ, యల్లమంద.
అతనికి కంప్యూటర్లతో పనిలేదు.
మూతపడ్డ పలకల షెడ్డు తాళం ఉంది అతని దగ్గర.

రాతి దుమ్ము ఇంకా దిగలేదు ఆ షెడ్డులో.
ఇన్నేళ్ళయినా దూలం మీద చెయ్యేస్తే
బూడిదరంగు చేతికి.
"మిషన్లకి పడదు ఈ దుమ్ము" అన్నాడు ఏసుపాదం.
"మాకు మాత్రం పడిందా?" అన్నాడు యల్లమంద.
ఆ రోజంతా ఎవరం మాట్లాడకుండా నేల కడిగాం.

ఆదివారాలు.
బ్యాటరీ కారి పచ్చ చిలుము పట్టిన బోర్డుల్ని
నిమ్మచెక్కతో, పళ్ళ బ్రష్షుతో తోముతాం.
కీలు పీకి సబ్బునీళ్ళలో కడిగి
నులకమంచం మీద పాత పంచె పరిచి ఎండబెడతాం
వడియాల్లాగా. ఓసారి కాకి ఒకటి 'ఎంటర్' ఎత్తుకుపోయింది.
అమ్ముడుపోని పలకలు గుట్టలున్నాయిగదా,
ఒక్కో మిషను మెడలో ఒక్కటి తగిలించాం,
సుద్దముక్కతో రాశాం: ఏ ఊరు, ఎవరిది, రోగమేమిటి.
తగాదాలూ ఉన్నాయి. చచ్చినదాని గుండె తీసి
బతికేదానికి పెట్టొచ్చా అని
ఏసుపాదానికీ సుగుణమ్మకీ రెండు వారాలు మాటల్లేవు.

అదేదీ కాదు నేను చెప్పాలనుకున్నది.

ఆషాఢంలో ఒక సాయంత్రం
సొసైటీ బీరువా అడుగున దొరికిన ఫ్లాపీ
బూజు తుడిచి పెడితే
గురగురమంది, ఆగింది, మళ్ళీ గురగురమంది.
తెరమీద పచ్చగా మొలిచాయి పేర్లు,
పలక కోసినవాళ్ళు, నున్న చేసినవాళ్ళు, చట్రం బిగించినవాళ్ళు,
ఎన్ని రోజులు, ఎంత కూలి.
సుగుణమ్మ చదువుతోంది. యల్లమందకి చదువు రాదు.
ఎంతమంది పిల్లలు దిద్దుకునే పలకలు కోశాడో
లెక్కలేదుగానీ, రాదు.
"బత్తుల కోటమ, ఇరవయ్యారు రోజులు."
"కోటమ్మ" అన్నాడు. "మాయమ్మ."
ఇంగ్లీషు అక్షరాల్లో ఒక 'ఎం' తక్కువ పడింది.
బాషా వేలు కీ మీదికి పోయింది దిద్దడానికి.
సుగుణమ్మ ఆ వేలు పట్టుకుంది.
"అది కొట్టింది నేనేరా. ఆ రోజు జ్వరం నాకు.
ఉండనీ, అట్టాగే ఉండాల."
మేం యల్లమంద వైపు చూశాం.
అతను తెర దగ్గరికొచ్చి
అరచెయ్యి ఆనించాడు గాజుకి.
వెచ్చగా ఉందన్నాడు.
"జన్మంతా తుడిస్తే పోయేయి చేశాం.
దీన్ని తుడవబాకండి."

ఆ మాటకి కరెంటు పోయింది, మామూలే.
ఏసుపాదం చీకట్లో తిట్టుకున్నాడు, నకలు సగమే తీశాడట.

రేపు మళ్ళీ పెట్టి చూడాలి. చదివితే చదువుతుంది.
పొదిలి నుంచి కబురొచ్చింది, బడి స్టోరురూములో మూడున్నాయి,
సోమవారం ఆ గోడ కూలగొడతారట.
ఆటో మాట్లాడాలి. గోతాలు కావాలి.
మా ఆవిడ పాత దుప్పటొకటి ఇచ్చింది, అడక్కుండానే.