గేటు మూసినంక

తొమ్మిదింటికి మన్ననూరు గేటు మూస్తం.
శ్రీశైలం పోయే ఆఖరి బండి
ఎనుక ఎర్రలైటు ఊపుకుంట మూల తిరిగినంక
అడవి గొంతు సవరించుకుంటది.

సారు ఇచ్చిన కాయితంల రెండు గడులున్నయి:
ఒక దిక్కు మిణుగురు, ఒక దిక్కు చిన్నచిలుక.
బరువు, రంగు, తిండి, అరుపు
పోల్చి రాయుమన్నడు.
పెన్సిల్ గూడ ఆయనే ఇచ్చిండు.

చిలుక సంగతి అల్కగనే అయింది.
నేరేడుపండు పిసికి పూసినట్టు మగదాని తల,
ఆడదానిది మబ్బు రంగు, మెడకు పసుపుతాడు.
బరువు ఛటాకు మీద జర మొగ్గు.
తిండి రాస్తుంటే గడి చాలలేదు:
సజ్జకంకి, జొన్నకంకి, మోదుగుపూల తేనె,
మంచె మీదికెల్లి నర్సింగప్ప తిట్టే తిట్లు.

మిణుగురు కాడ చెయ్యి ఆగింది.
చిగుర్ల ఈదమ్మ అరచేతిల పెట్టుకొని తూచింది.
"పానం ఉన్నట్టుంది, బరువు లేనట్టుంది"
అని ఊదేసింది.
పురుగున్నప్పుడు నత్తలను తింటదట,
రెక్కలొచ్చినంక ఆకలి యాదికే ఉండదట.
అరుపు గడిల అడ్డగీత పెట్టిన. మల్ల చెరిపేసిన.
లేదని ఎట్ల రాస్త?
గడ్డిల కూసున్న ఆడది ఒక్కపారి మెరిసి ఊకుంటది,
ఆ ఒక్క మాట కోసం పైనోడు
చెట్టంత గాలిస్తడు.
చిలుకలు పొద్దంత లొల్లి పెట్టి చెప్పుకునేది
గంతకన్న పెద్ద ముచ్చటేం గాదు.

ఎన్ని ఉన్నయి?
చిలుకలకైతె లెక్కుంది.
నల్లమద్ది మీదికెల్లి తెల్లారంగ ముప్పై నాలుగు ఎల్లినయి,
మునిమాపు ముప్పై మూడు మల్లినయి.
ఆ ఒక్కటి ఏమైందో రాయనీకి గడి లేదు.
మిణుగురులను ఎట్ల లెక్కపెట్టాలె?
మూడుపార్లు మెరిసింది మూడా, ఒక్కటా?
ఆరినప్పుడు అది ఉన్నట్టా, లేనట్టా?

రెండిటిదీ అదే నల్లమద్ది.
చిలుక రెక్క ముడిసే యాళ్లకు మిణుగురు లేస్తది.
పగటి డ్యూటీ మొగడు, రాత్రి డ్యూటీ పెండ్లం లెక్క
ఒక్క కప్పు కిందనే కాపురం,
ఎదురుపడ్డ జాడ లేదు.

పోయిన నెల గేటు మీద కొత్త ఫోకస్‌లైటు పెట్టిండ్రు.
పిండి చల్లినట్టు తెల్లగ.
ఆ రాత్రి చెట్టు మీద ఒక్క మిణుగురు లేదు.
చిలుకలేమొ నడిజాముల లేసి
పొద్దు పొడిసిందనుకొని ఒకటే కీకలు.
ఈదమ్మ కట్టె పొడుసుకుంట వచ్చింది.
"చీకటే గదర వాటి నడిమి గోడ,
కూలగొడితిరి.
ఇగ ఎవలు యాడ పండాలె?"
నేనేం చెప్త? రోజుకూలోన్ని.

ఇప్పుడు గేటు మూసినంక ఫ్యూజు పీకి జేబుల ఏసుకుంట.
రిజిస్టరుల "లైటు చెడింది" అని రాస్త,
రోజూ అదే అబద్ధం, రోజుకో తీరు చేతిరాత.

కాయితం ఇంక ఇయ్యలే.
అడుగున "పోలిక" అని ఒక గడి మిగిలింది.
పెన్సిల్ అరిగేదాంక దాన్ని నల్లగ రుద్దిన.
సారు అడిగితె
చాయ ఒలికిందని చెప్త.