కాకిమెట్ట పటం

పోర్టు వాళ్ల పాత కాలెండరు తిరగేసి
వెనక తెలుపు మీద
కాకిమెట్ట గీద్దామని కూర్చున్నాం
కంచరపాలెంలో, గవరయ్య మేడ మీద.
సముద్రపు గాలికి ఎగిరిపోకుండా మూలలకి
రెండు టీగ్లాసులు, ఒక సెల్‌ఫోను,
ఎవరిదో చెప్పు.

ముందు రైలుకట్ట గీశాను.
దాని దగ్గర తగువు లేదు.
గని తవ్విన నల్లరాయంతా
ఆ కట్ట మీదుగానే విశాఖ హార్బరుకి పోయేది.

తగువు సైరను దగ్గర వచ్చింది.
మస్తరాఫీసు మీద ఉండేదన్నాడు లాజరు మేస్త్రి.
"కాదెహె, కంపౌండరు మూర్రాజు ఇంటెనకాల!
మా అన్నకి సెవుడొచ్చిందే దాని వల్ల" అన్నాడు గవరయ్య.
ఇద్దరిదీ తప్పే కావచ్చు.
లాజరు అరచేతులు దోనె చేసి
ఆరింటి సైరను నోటితో ఊదాడు.
పక్కింటి కుక్క లేచి మొరిగింది.
గవరయ్య చెయ్యి తెలీకుండానే
జేబులో బిళ్ల కోసం తడుముకుంది.

ఆ ఇత్తడి బిళ్లలు రాసుకునేది మా నాన్న.
మస్తరు గుమస్తా. మనుషుల్ని నంబర్లతో గుర్తుపెట్టుకునేవాడు.
కేజీహెచ్ మంచం మీద చివరి వారం
నన్ను మూడొందల పదిహేడూ అని పిలిచాడు.
ఆ పదిహేడు ఎవరో ఇవాళైనా అడగాలనుకున్నాను.
అడగలేదు.

శనివారం సినిమా ఎక్కడేసేవారో అందరికీ తెలుసు,
రెండు తాడిచెట్ల మధ్య, డిస్పెన్సరీ దుప్పటి మీద.
టికెట్టు లేని మేము తెర వెనక కూర్చునేవాళ్లం.
మా లెక్కలో హీరోలంతా ఎడమచేతి వాళ్లే.

నాలుగో గొయ్యి దగ్గరకొచ్చేసరికి
మాటలు ఆగాయి.
గవరయ్య పెన్సిలు తీసుకుని
గుండ్రంగా ఒక గీత గీసి
లోపల ఏమీ రాయకుండా తిరిగిచ్చేశాడు.
ఇప్పుడక్కడ నీళ్లున్నాయట.
చేపలు పెంచుతున్నారట.

అంతసేపూ దాలమ్మ
పిట్టగోడకి ఆనుకుని అడ్డపొగ కాలుస్తోంది.
"నీ ఇల్లు చూపించు దాలమ్మా" అన్నాను.
లేచొచ్చి, కాగితం మీద వంగి
క్వార్టర్ల వరస దాటింది వేలు,
రేషన్ షాపు దాటింది,
రైలుకట్ట దాటింది,
కాలెండరు అంచు దాటి
గచ్చు మీద ఆగింది.
"ఇక్కడ."

నాన్న పుస్తకంలో ఆమెకి నంబరు లేదు.
"రాయి ఏరు ఆడకూలీలు, అరవై" అని
రోజూ ఒకే ముక్క రాసేవాడు.
ఆ అరవై పాకలకీ
నేను తెచ్చిన తెలుపు చాల్లేదు.

గవరయ్య మనవరాలు బడిసంచీలోంచి సుద్దముక్క తెచ్చింది.
గచ్చు మీదికి పాకింది కాకిమెట్ట.
దాలమ్మ చెబుతోంది, పిల్ల గీస్తోంది:
ఇది నూకాలు పాక. ఇది పోలమాంబది.
ఇది సచ్చిపోయిన గుంటడిని పాతిన తుప్ప.
ఇక్కడ కూకుని రాయి కొట్టేవోళ్లం.
మంచిరాయి గంపలోకి, గుల్లరాయి ఎనక్కి.
మడమల్లో నలుపు మాత్రం
పెళ్లికైనా, పురుడికైనా వొదిలేది కాదు.

గని మూసేసిన ఏడు
ఆమె తట్టా బుట్టా పట్టుకుని రైలెక్కింది.
పట్నంలో దిగి, ముందు పని వెతుక్కోలేదు,
దారి అడుక్కుంటూ హార్బరు గేటుకి పోయిందట.
"లోపల కొండలా పోసున్నాది రాయి.
జవాను ఎల్లనిస్తాడేటి?
కమ్మీలట్టుకుని సూసినాను సాయంత్రందాకా."

"ఏం చూశావే, అంత నల్లటి గుట్టలో?"
లాజరు నవ్వాడు.

దాలమ్మ పొగచుట్ట నోట్లోంచి తీసి
ఎడంచేతిని గాల్లో ఎత్తింది,
సుత్తి పట్టుకున్నట్టు.
"అరవై మందిలోన ఇటేపు కొట్టేదాన్ని నానొక్కదాన్నే.
నా రాయి ఇరుపు నానెరగనా బాబూ?

ఒకటి కనిపించినాది."